మిర్రరింగు: అద్దంలో ముడుపు

మన సాఫ్టువేరు వాళ్ళ మీటింగుల్లో ఒక మంత్రం ఉంది. "డేటా పోతే ఏంటి పరిస్థితి?" అని ఎవరైనా అమాయకుడు అడిగాడనుకోండి, వెంటనే ఇంకొకాయన "మిర్రరు ఉంది సార్" అంటాడు. అంతే. అందరూ తలలూపేసి తర్వాతి స్లైడుకి వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే.

మిర్రరు అంటే ఏంటో ఇది చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు గానీ, అసలు గొడవ అక్కడే ఉంది కాబట్టి ఒక్క ముక్క చెప్తా. రెండు డిస్కులు. ఒకదాని మీద రాసిందే రెండోదాని మీదా రాస్తుంది. ఒకటి పోతే రెండోది బండి లాగుతుంది. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ రాసిన పేపర్లో దీనికి రెయిడ్ ఒకటో లెవెల్ అని నంబరిచ్చారు. అది మనకిచ్చే మాట ఒక్కటే: ఒక డిస్కు పోయినా పని ఆగదు. నిన్నటి డేటా మళ్ళీ తెచ్చిస్తానని అది ఎప్పుడూ అనలేదు. డేటా సరైనదేనని కూడా అనలేదు. అనని మాటని అన్నట్టు ఊహించుకున్నది మనమే.

ఇదేదో పెద్ద బ్యాంకుల గొడవ అనుకోకండి. మాది నూజివీడు వైపు. బంగినపల్లి, చిన్న రసాలు తప్ప మా ఊళ్ళ గురించి బయటివాళ్ళకి పెద్దగా తెలిసిందేం లేదు (2008 నుంచీ ట్రిపుల్ ఐటీ ఒకటి తోడైందనుకోండి). ఇక్కడ మామిడి వ్యాపారం చేసే ఒక కమీషన్ కొట్టు ఉంది. పేరు అనవసరం. ఏ రైతు ఎన్ని టన్నులు తోలాడు, ఎంత బయానా తీసుకున్నాడు, ఇంకా ఎంత రావాలి... అన్నీ ఒక లినక్సు సర్వర్లో ఉంటాయి. రెండు డిస్కుల మిర్రరు. పెట్టిన కంపెనీ వాడు "ఇంక మీ లెక్కలు ఎక్కడికీ పోవండీ" అని భరోసా ఇచ్చి వెళ్ళాడు.

జనవరిలో, తోటలు పూత మీదున్నప్పుడు, ఒక డిస్కు మిర్రర్లోంచి బయటికి పడిపోయింది. సర్వరు మెయిల్ పంపింది. ఆ మెయిల్ వెళ్ళింది ఎప్పుడో ఉద్యోగం మానేసిన ఒక ఇంజినీరు అడ్రసుకి! నాలుగు నెలలు సర్వరు ఒంటికాలి మీద నడిచింది. ఎవరికీ తెలీలేదు, ఎందుకంటే పని ఆగలేదు కదా. మే నెలలో కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు రెండో డిస్కు కూడా మొరాయించింది.

సపోర్టు కుర్రాడు వచ్చాడు. మొరాయించిన డిస్కు పీకి, జనవరిలో పడిపోయిన డిస్కుతో బూట్ చేశాడు. అది లేచింది! (అది అసలు చెడిపోనే లేదు. కేబులు వదులైంది, అంతే.) తర్వాత మే నెల డిస్కుని మళ్ళీ తగిలించి సింక్ కొట్టాడు. జనవరి డేటా వెళ్ళి మే డేటా మీద శుభ్రంగా పరుచుకుంది. రెండు లైట్లూ పచ్చగా వెలిగాయి. కాల్ షీటు మీద "మిర్రర్ రీస్టోర్డ్, ప్రాబ్లం రిజాల్వ్డ్" అని రాసి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. నన్ను పిలిచేసరికి లాగులు చదువుకోవడం తప్ప చేసేదేం లేదు. మే నెల డిస్కులో చెడింది కొన్ని సెక్టార్లే. దాన్ని ముందే కాపీ తీసుంటే దాదాపు అంతా దక్కేది.

ఆ సీజను లెక్కలు మళ్ళీ కట్టింది దేంతోనో తెలుసా? కాటా చీటీలతో. చీటీని రేషన్ కార్డు కవర్లో దాచుకున్న పెద్దాయన డబ్బులు ఆయనకొచ్చాయి. చొక్కాతో పాటు చీటీని ఉతికేసుకున్న కౌలు రైతు మాత్రం "నేను ఎన్ని బళ్ళు తోలానో మీకు తెలీదా బాబూ" అని కొట్టు ముందు బతిమాలుకోవాల్సొచ్చింది. వేల రూపాయల స్టోరేజీ కన్నా పాత రేషన్ కార్డు కవరే నమ్మకమైన బ్యాకప్పు అయ్యింది. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

నా కోపం ఆ కుర్రాడి మీద కాదు. అతనికి మనం నేర్పింది అదే. లైటు పచ్చగా మారాలి, టికెట్టు ఎస్సెల్యే లోపల మూసెయ్యాలి. డేటా ఏ తేదీది అని అడిగే గడి ఆ షీటులో లేనే లేదు.

"పల్లెటూళ్ళో అలాగే ఉంటుందిలెండి" అనే హైటెక్ సిటీ మిత్రులు కాస్త ఆగండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగింది? ప్రైమరీ డేటాబేసుకీ సెకండరీకీ మధ్య రెప్లికేషన్ దెబ్బతింది. దాన్ని బాగుచేస్తూ ఒక ఇంజినీరు సెకండరీలో చెరపాల్సిన డైరెక్టరీని ప్రైమరీలో చెరిపేశాడు. 300 జీబీ. రోజూ తీయాల్సిన బ్యాకప్పులు చూస్తే వెర్షన్ల తేడా వల్ల ఎప్పట్నించో ఫెయిలవుతున్నాయి. ఫెయిలైనట్టు చెప్పే మెయిళ్ళు కూడా తిరస్కరణకి గురై ఎవరికీ చేరలేదు! ఆరు గంటల కిందట ఒకతను వేరే పని కోసం తీసుకున్న స్నాప్‌షాట్ ఉండబట్టి బతికారు. మా కమీషన్ కొట్టుకీ గిట్‌ల్యాబ్‌కీ తేడా ఎక్కడుంది? వాళ్ళు దాచుకోకుండా మొత్తం రాసి ప్రపంచానికి చెప్పారు. అంతే తేడా.

ఇంకా పెద్దది కావాలా? 2021 ఫిబ్రవరి 24, నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి. మెయిన్ సైటుకీ దగ్గర్లోని రికవరీ సైటుకీ మధ్య టెలికాం లింకులు తెగాయి. లింకు తెగితే కాపీ ఆగాలి గానీ అసలు ఆగకూడదు కదా? ఎక్స్చేంజి ఇచ్చిన వివరణ ప్రకారం, మెయిన్ సైటులోని స్టోరేజీయే సర్వర్లకి అందకుండా పోయింది. రిస్క్ మేనేజ్‌మెంట్ సిస్టం నిలిచిపోయింది. 11 గంటల 40 నిమిషాలకి ట్రేడింగు ఆపేసి, మళ్ళీ మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలకి తెరిచారు. అంటే కాపాడటానికి పెట్టిన జత తెగితే, అసలుదే మునిగింది.

ఇంకో భ్రమ: "రెండు డిస్కులు ఒకేసారి పోవండీ." ఎందుకు పోవు? మా వైపు తోటల సంగతి చూడండి. అంటు కట్టిన చెట్లన్నీ ఒకే తల్లి బిడ్డలు. తేనెమంచు పురుగు పడితే ఒక చెట్టుతో ఆగదు, వరసంతా నల్లబడుతుంది. మనం మిర్రరుకి కొనే డిస్కులూ అంతే. ఒకే కంపెనీ, ఒకే బ్యాచి, ఒకే రోజు స్విచ్ ఆన్. 2019 నవంబరులో హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ ఒక హెచ్చరిక ఇచ్చింది. కొన్ని ఎస్‌ఎస్‌డీల్లో ఫర్మ్‌వేర్ బగ్గు వల్ల సరిగ్గా 32,768 గంటలకి, అంటే 3 ఏళ్ళ 270 రోజుల 8 గంటలకి, డిస్కూ పోతుంది, డేటా కూడా పోతుంది అని. ఒకే రోజు పెట్టినవి దాదాపు ఒకేసారి పోయే అవకాశం ఉందని కూడా వాళ్ళే చెప్పారు. ఇక మిర్రరు ఎవర్ని కాపాడుతుంది?

నిశ్శబ్దంగా చెడిపోయే డేటా సంగతి ఇంకా ఘోరం. 2008లో విస్కాన్సిన్, టొరంటో విశ్వవిద్యాలయాల వాళ్ళు, నెట్‌యాప్ వాళ్ళు కలిసి 15 లక్షల 30 వేల డిస్కుల్ని 41 నెలల పాటు గమనించిన లెక్కలు వెల్లడించారు. 4 లక్షలకి పైగా చెక్‌సమ్ తేడాలు దొరికాయి. వాటిలో 8 శాతం దాకా బయటపడింది ఎప్పుడంటే... ఒక డిస్కు పోయి రీబిల్డ్ చేస్తున్నప్పుడు! అంటే రెండో కాపీ అత్యవసరమైన ఆ ఘడియలోనే. చెక్‌సమ్ లేని మిర్రర్లో రెండు కాపీలు రెండు మాటలు చెప్తే ఏది నిజమో దానికి తెలీదు. లినక్సు మిర్రరుకి రిపేర్ కమాండ్ ఇస్తే ఏదో ఒక కాపీని ఎంచుకుని రెండోదాని మీద రుద్దేస్తుంది. అప్పుడు రెండూ ఒకే అబద్ధం చెప్తాయి, మనం దాన్ని "హెల్తీ" అంటాం :)

సరే, తిట్టడమేనా, ఏం చెయ్యాలో చెప్పవా అంటారా? చెప్తా.

మిర్రర్ ఎర్రర్ వస్తే మొదటి పని సింక్ కాదు, ఆపడం. అప్లికేషన్ ఆపండి, కొత్తగా ఏదీ రాయనివ్వకండి. రెండు డిస్కుల సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఏది ఎప్పటిదాకా బతికుందో చూడండి. లినక్సులో అయితే ఒక్కో డిస్కు మీదా ఈవెంట్ కౌంట్ ఉంటుంది, పెద్దది ఉన్నదే కొత్తది. ఆ కొత్తదాన్ని ముందు వేరే డిస్కు మీదకి సెక్టారు సెక్టారుగా కాపీ తియ్యండి. డీడీరెస్క్యూ లాంటి ఉచిత పనిముట్లున్నాయి. ఆ తర్వాతే రోగ నిర్ధారణ. బయటికి పడిన ప్రతి డిస్కూ చచ్చిన డిస్కు కాదు. స్మార్ట్ లెక్కల్లో సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతుంటే ముందు కేబుల్ని అనుమానించండి. పెండింగ్ సెక్టార్లు పెరుగుతుంటే డిస్కుని అనుమానించండి. సింక్ కొట్టే ముందు ఎటు నుంచి ఎటు అన్నది పక్కన ఇంకో మనిషిని పెట్టుకుని పైకి చదవండి. అయ్యాక డేటాబేసు తెరిచి అన్నిటికన్నా చివరి ఎంట్రీ తేదీ చూడండి. ఆ కుర్రాడు ఈ చివరి పని ముందే చేసుంటే, జనవరి తేదీ చూసి అక్కడే ఆగిపోయేవాడు.

"బ్యాకప్పుకి బడ్జెట్ లేదండీ" అనే మేనేజర్లకి ఒక మాట. రెండో డిస్కుకి బడ్జెట్ ఉంది, మూడోదానికి లేదా? మిర్రర్లో లేని, వేరే గదిలో ఉన్న, వారానికోసారి తీసిన ఒక్క కాపీ ఉంటే మా కొట్టులో పోయేది వారం లెక్కలే. నాలుగు నెలలవి కాదు. "మేం క్లౌడ్‌లో ఉన్నాం" అనేవాళ్ళకీ అదే మాట. మీరు పొరపాటున డిలీట్ కొడితే క్లౌడ్‌లోని రెప్లికాలన్నీ అంతే శ్రద్ధగా డిలీట్ చేస్తాయి.

నేనడిగేది పెద్ద విప్లవమేం కాదు. స్టోరేజీ టికెట్టు మూసే ముందు రెండు ప్రశ్నలు తప్పనిసరి చెయ్యండి. ఈ డేటా ఏ తేదీ దాకా ఉంది? మిర్రరు బయట దీని కాపీ ఎక్కడుంది, చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారు? వీటికి జవాబు రాయకపోతే టికెట్టు మూయబడకూడదు. ఎస్సెల్యే పోతే పోనివ్వండి. దానికి పెనాల్టీ కట్టేది కంపెనీ. డేటా పోతే కట్టేది చీటీ పోగొట్టుకున్న కౌలు రైతు.