‘కొంచెం’ కూడా లెక్కే!

విద్యార్థులారా! జవాబులో ‘వేగం కొంచెం పెరిగింది’ అని రాస్తే మేము మార్కులు తగ్గిస్తాం. అయినా ఆ మాట విజ్ఞానానికి పనికిరాదనుకోవడం పొరపాటని నా అభిప్రాయం.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో చేపల చెరువులు చూశారు గదా! రాత్రి వెలుతురుండదు కనుక నీటిలోని నాచు ఆక్సిజన్‌ను తయారుచేయదు. పైగా చేపలతోపాటు అదీ వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఏరేటర్ మోటారు తిరగాలి. ఆలస్యమైతే చేపలు చస్తాయి. అనవసరంగా తిప్పితే కరెంటు దండుగ. మామూలు స్విచ్చికి తెలిసినవి రెండే: ఆన్, ఆఫ్.

రైతు అలా ఆలోచించడు. ‘ఆక్సిజన్ తక్కువైతే జోరుగా, సరిపడా ఉంటే నెమ్మదిగా’ అంటాడు. ఇటువంటి మాటలను లెక్కలోకి తెచ్చేదే ఫజ్జీ లాజిక్. 1965లో లోట్ఫీ జాదే దీనికి పునాది వేశారు.

లీటరు నీటిలో ఆక్సిజన్ 3 మిల్లీగ్రాములుంటే పూర్తిగా ‘తక్కువ’, 5 ఉంటే పూర్తిగా ‘సరిపడా’ అనుకుందాం. 4 ఉంటే? సగం తక్కువ, సగం సరిపడా! జోరంటే 100 శాతం వేగం, నెమ్మదంటే 40 శాతం అయితే, మోటారు 70 శాతం వేగంతో తిరగాలి. కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చే పరికరంతో ఆ వేగం తేవచ్చు. జపానులోని సెందాయ్ నగరంలో 1987లో మొదలైన భూగర్భ రైళ్ళ వేగాన్ని ఫజ్జీ లాజిక్‌తోనే అదుపు చేశారు.

అయితే ఆ 3, 5 అంకెలు యంత్రానికి వాటంతటవే తెలియవు. గట్టుమీద రాత్రుళ్ళు కాపలా కాసిన అనుభవజ్ఞుల్ని అడగాలి. కనుక మీ పెద్దల ‘కొంచెం’ను చులకన చేయకండి. ఎంతైతే కొంచెమో అడిగి, కొలిచి, రాసుకోండి.