మొదటిసారి ఓడ ఎక్కేవారికి



నందిగాం, టెక్కలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాలలో పోర్టుబ్లెయిరులో ఒక బంధువైనా లేని వీధి అరుదు. 2024 సెప్టెంబరులో ప్రభుత్వము ఆ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది గాని, మన ఊళ్ళలో అది ఇంకా పోర్టుబ్లెయిరే. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో మన జిల్లా వారు ఎందరో ఉన్నారు. పూర్వము మన తాతలు "రంగం పోయాడు" అంటే బర్మాలోని రంగూనుకు ఓడ ఎక్కాడని అర్థము. ఆ దారి 1942 యుద్ధముతో తెగిపోగా, తరువాతి తరము వారికి అండమాన్ దారి తెరచుకొన్నది.

కొడుకు దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులు, పెళ్ళయి కాపురానికి వెళ్ళే ఆడపిల్లలు, పనికి వెళ్ళే యువకులు మొదటిసారి ఓడ ఎక్కే ముందు మమ్ములను అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కటే. ఓడ ఊగుతుందా? ఎన్ని రోజులు? తినడానికి ఏమి దొరుకుతుంది? అందుచేత ఈ నెల మన శీర్షికలో ఈ సంగతులే వ్రాయుచున్నాము.

విశాఖపట్నము నుండి పోర్టుబ్లెయిరు సుమారు 1200 కిలోమీటర్లు. ఓడ ప్రయాణము ఇంచుమించు 56 గంటలు, అనగా రెండు రాత్రులు దాటి మూడవ రోజు. చెన్నై, కలకత్తాల నుండి ఓడలు ఎక్కువ. విశాఖ నుండి మామూలుగా నెలకు ఒకటి. తేదీలు ముందుగా ప్రకటిస్తారు గాని, వాతావరణమును బట్టి, ఓడ మరమ్మతులను బట్టి అవి జరుగుతూనే ఉంటాయి. కాబట్టి మొదటి మాట ఇదే: ఓడ తేదీ గట్టిగా తెలియకుండా ఇల్లు కదలవద్దు. నందిగాం నుండి విశాఖ నూటయాభై కిలోమీటర్లకు పైమాట. పిల్లలతో, మూటలతో అక్కడికి చేరి, ఓడ మూడు రోజులు ఆలస్యమని తెలిస్తే లాడ్జీ ఖర్చే టిక్కెట్టును మించిపోతుంది. తిరుగు ప్రయాణములో కూడ ఇంతే. పెళ్ళికో పరీక్షకో సరిగ్గా ముందురోజు చేరునట్లు లెక్క వేసుకొనకూడదు. కనీసము వారము రోజులు ఎడము ఉంచుకోండి.

టిక్కెట్టుతో పాటు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అసలుది చేతిలో ఉండవలెను. ఇతరుల పేరు మీద కొన్న టిక్కెట్టును దళారి ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకొనవద్దు. గేటు దగ్గర కార్డు, టిక్కెట్టు రెండూ చూస్తారు. భారతీయులు పోర్టుబ్లెయిరు వెళ్ళుటకు వేరే పర్మిట్టు అవసరము లేదు. ఆదివాసుల కొరకు కేటాయించిన ప్రాంతాలకు మాత్రము వెళ్ళరాదు.

ఓడలో తరగతులు ఉన్నాయి. మనవాళ్ళలో ఎక్కువమంది ఎక్కేది బంక్ తరగతి. పెద్ద హాలులో రైలు బెర్తుల వలె ఒకదానిపై ఒకటి పడకలు ఉంటాయి. దానిపైన క్యాబిన్లు, ధర కూడ ఆ మేరకు పైన. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో మనవారి చేతులతో కట్టిన స్వరాజ్ ద్వీప్ ఓడలో 1200 మంది ప్రయాణికులు పడతారు. మన పెద్ద పల్లె ఒకటి మొత్తము లేచి నీటి మీదకు వచ్చినట్లు అనుకోండి. అంతమంది ఉన్నచోట స్నానాల గదుల దగ్గర వరుస తప్పదు. తెల్లవారక ముందే లేచేవారికి అది సుఖము. దుప్పటి, తలగడ ఓడలో ఇస్తారని నమ్ముకొనక ఇంటినుండే తీసుకువెళ్ళండి. వృద్ధులకు, గర్భిణులకు క్రింది పడక అడిగి పుచ్చుకోండి. పై పడకనుండి అర్ధరాత్రి దిగబోయి, ఓడ ఊగినప్పుడు కాలుజారితే ఎముక విరుగుట ఖాయము.

భోజనము క్యాంటీనులో దొరుకుతుంది. అన్నము, పప్పు, కూర ఉంటాయి గాని మన ఇంటి కారము, పులుపు ఆశించవద్దు. అటుకులు, మరమరాలు, జంతికలు, కొంచెము పచ్చడి చాలును. స్టవ్వు పెట్టి వంట చేయుట ఓడలో నిషేధము. ఓడలో నిప్పు అంటే ఊరిలో నిప్పువంటిది కాదు, పారిపోవుటకు ప్రక్క వీధి ఉండదు.

ఇక అందరూ భయపడే వికారము సంగతి. మన చెవి లోపలి భాగము శరీరము కదులుచున్నదని చెప్పును. మూసిన గదిలో ఉన్న కన్ను ఏమీ కదలుట లేదని చెప్పును. ఈ రెండు సాక్ష్యములు కలవనందున తల తిరిగి వాంతి వచ్చును. తెప్ప మీద పుట్టి పెరిగిన మన బెస్తవారికి సైతము మూసిన బంకులో తల తిరుగవచ్చును, సిగ్గుపడవలసిన పని లేదు. డెక్కు మీదకు వచ్చి, గాలి తగిలేచోట నిలిచి, నీరు ఆకాశము కలిసే గీతను చూస్తూ ఉంటే కన్ను, చెవి ఒక మాట మీదకు వస్తాయి. ఓడ ముందు, వెనుక భాగములకంటె మధ్య భాగము తక్కువ ఊగును. కడుపు నిండా తినవద్దు, పూర్తిగా ఖాళీగా కూడ ఉంచవద్దు. అల్లము ముక్క కొందరికి మేలు చేయును. పడుకొని పుస్తకము చదివితే, సెల్‌ఫోను చూస్తే వికారము పెరుగును. అవోమిన్ వంటి మాత్రలు వాంతి మొదలైన తరువాత మ్రింగితే నిలువవు, బయలుదేరుటకు గంట రెండు గంటల ముందే వేసుకొనవలెను. వాటివలన మత్తు వచ్చును. రెండేళ్ళ లోపు పిల్లలకు ఆ మాత్ర ఇవ్వకూడదు. మూత్రము ఆగిపోయే బాధ, గ్లకోమా ఉన్న పెద్దలు డాక్టరును అడుగకుండా తాకవద్దు.

ఇప్పుడు మేము అన్నిటికంటె ముఖ్యమని తలంచు సంగతి. ఉద్దానములో కిడ్నీ జబ్బు ఏ ఇంటిని వదలినది గనుక? కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో పొలము పని చేసే నడివయస్సు వారిని, బి.పి., షుగరు లేనివారిని కూడ అది పట్టుచున్నది. కారణమేమో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చవలసే ఉన్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము ప్రారంభమైనవి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకొనే తండ్రి, "ఒక్కసారి మనుమడిని చూచి వస్తాను" అంటే ఆ ఆశను కాదనుట ఎవరికి సాధ్యము? కాని ఓడ ఎక్కించవద్దని మేము గట్టిగా చెప్పుచున్నాము. ఓడలో డాక్టరు ఉంటాడు, ప్రథమ చికిత్సకు మందులు ఉంటాయి. డయాలసిస్ యంత్రము ఉండదు. 56 గంటలు అనేది అంతా సవ్యముగా జరిగితే చెప్పే లెక్క. తుఫాను వచ్చి రేవు బయట ఓడ ఆగితే ఆ లెక్క మారిపోవును. అంత దూరము సముద్రము నడుమ ఓడను ఎవరి కొరకు వెనుకకు త్రిప్పుదురు? అటువంటివారు విమానములోనే వెళ్ళవలెను. చెన్నై నుండి రెండు గంటల పైచిలుకు ప్రయాణము. అదియు అక్కడ డయాలసిస్ చోటు, రోజు ముందుగా ఖాయము చేసుకొని, తమ డాక్టరు సెలవు తీసుకొని మాత్రమే. డబ్బు చాలదంటారా? ఆ ఖర్చుతో మనుమడినే ఇక్కడకు రప్పించుట మేలు.

డయాలసిస్ దాకా రాని, జబ్బు మొదటి దశలో ఉన్నవారు కూడ జాగ్రత్తపడాలి. వాంతులతో ఒంటిలోని నీరు పోతే బలహీనమైన కిడ్నీ త్వరగా దెబ్బతినును. ఒళ్ళు నొప్పులని బడ్డీకొట్టులో దొరికే నొప్పి మాత్రలు, డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి, ఆ సమయములో విషముతో సమానము. మరొక సంగతి మన కొబ్బరి తోటల వారికి విచిత్రముగా తోచును. వాంతులైన వానికి కొబ్బరినీళ్ళు పట్టుట మన అలవాటు. ఆరోగ్యవంతునికి మంచిదే. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి దానిలోని పొటాషియము గుండెకే ప్రమాదము. ఓ.ఆర్.ఎస్. పొట్లములోను పొటాషియము ఉన్నది. ఎంత త్రాగవచ్చునో, ఏది త్రాగవచ్చునో బయలుదేరక ముందే డాక్టరు చేత వ్రాయించుకొని, ఆ కాగితము, మందులు చేతి సంచిలో ఉంచండి. పెద్ద మూటలో పెట్టిన మందు అక్కరకు దొరకదు.

ఏ కాలములో వెళ్ళాలి అని అడుగుదురు. ఏప్రిల్ చివర నుండి మే, తిరిగి అక్టోబరు, నవంబరు బంగాళాఖాతములో తుఫానుల కాలము. మన వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరము దాటి ఎన్ని జీడి, కొబ్బరి చెట్లను పడవేసినదో చూచిన కళ్ళు ఇవి. 2014లో విశాఖను కొట్టిన హుద్‌హుద్ అండమాన్ సముద్రము వైపునుండే వచ్చింది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలులకు అలలు పెద్దవి. జనవరి నుండి మార్చి వరకు సముద్రము శాంతముగా ఉండును, మొదటిసారి వెళ్ళేవారికి అదే తగిన కాలము. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉండిరి. కాలము దాటినదని ఆయన హెచ్చరించినను శతాధిపతి నావికుని మాటనే నమ్మెను. ఈ రోజులలో మన కెప్టెన్లకు ఉపగ్రహ చిత్రములు ఉన్నవి. వాతావరణము బాగులేదని ఓడ ఆపితే గొణుగవద్దు.

ఓడ బయలుదేరే వేళ లైఫ్ జాకెట్టు కట్టుకొనే విధము చూపిస్తారు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అది ప్రమాద సూచన. 2012 జనవరిలో ఇటలీ తీరమున కోస్టా కాంకోర్డియా అనే విలాసనౌక బోల్తాపడి 32 మంది చనిపోయినప్పుడు, క్రొత్తగా ఎక్కినవారికి ఆ పాఠము ఇంకా చెప్పియే ఉండలేదు. ఆ తరువాతనే బయలుదేరక ముందే లేక వెంటనే చెప్పవలెనని ప్రపంచమంతట నియమము వచ్చింది. స్త్రీలు చీర కొంగు నడుముకు బిగించి, దాని మీద జాకెట్టు కట్టుకొనవలెను. పిల్లల జాకెట్లు వేరు. ఎక్కడ ఉన్నాయో మొదటి రోజే అడిగి చూచుకోండి. చేపల వేటకు వెళ్ళే తమ్ముళ్ళు "మాకు ఈత రాదా" అని నవ్వుచుందురు. నడి సముద్రములో ఈత ఎంతసేపు?

తీరము దూరమైతే సెల్‌ఫోనుకు సిగ్నలు ఉండదు. ఇంటివారికి ఈ మాట ముందే చెప్పండి. లేకుంటే రెండు రోజులు ఫోను మ్రోగలేదని ఇక్కడ ఏడ్పులు మొదలగును. అక్కడ దిగినప్పుడు గడియారము మార్చనక్కరలేదు గాని, సూర్యుడు మన ఊరికంటె సుమారు అరగంట ముందే లేచి, ముందే క్రుంకును. సాయంత్రము త్వరగా చీకటి పడును.

పనికి వెళ్ళే యువకులకు వేరుగా ఒక మాట. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి టిక్కెట్టు కొన్నాడని సంతోషపడక ముందు, అతని పూర్తి పేరు, ఫోను నంబరు, పని జరుగు చోటు, రోజు కూలి కాగితము మీద వ్రాయించి ఒక ప్రతి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. ఆధార్ కార్డు నకలు ఇవ్వవచ్చును, అసలుది ఎవరి చేతికీ ఇవ్వవద్దు. తిరుగు టిక్కెట్టు డబ్బు మొదటి నెల కూలిలోనే విడిగా దాచుకోండి. అది చేతిలో ఉన్నవాడే ఇష్టము లేని పనికి "చేయను" అని చెప్పగలడు.

కొందరు పాఠకుల పిల్లలు అమెరికాలో ఉండి, తల్లిదండ్రులను మయామీ నుండి కరీబియన్ దీవులకు విలాసనౌకలో తీసుకువెళ్తామంటున్నారట. వెళ్ళండి, చూడండి. అమెరికా వీసా ఒకటికంటె ఎక్కువసార్లు ప్రవేశించుటకు వీలైనదేనా అని మాత్రము ముందు చూపించుకోండి. ఒక్కసారికే ఇచ్చిన వీసాతో దీవులకు వెళితే తిరిగి దిగునప్పుడు చిక్కు రావచ్చును. అక్కడ జూన్ నుండి నవంబరు వరకు తుఫానుల కాలము. ఒకే చోట వేలమంది తినే ఓడలలో వాంతుల జబ్బు త్వరగా ప్రాకును గనుక, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఆ దీవులకు మన మద్రాసు రేవు నుండి తెలుగు, తమిళ కూలీలు 19వ శతాబ్దములో తెరచాప ఓడలలో నెలల తరబడి ప్రయాణించిరి. గయానాలోను, గ్వాడెలూప్, మార్టినిక్ దీవులలోను వారి సంతానము నేటికిని కలదు.

తిరిగి వచ్చేవారు పిల్లలు ఏరిన పగడపు కొమ్మలు, పెద్ద గవ్వలు సంచిలో పెట్టుకొని వస్తున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పగడములు, కొన్ని జాతుల గవ్వలు తీసుకొనుట నేరము. అమ్మే కొట్టులో కొంటే రసీదు ఉంచుకోండి. ఒడ్డున ఏరినవి ఒడ్డునే వదలి రండి.