ప్రతిభ ఒక్కటే చాలదు
(ఇద్దరు నటీమణుల కథ)



ప్రతి ఏడాదీ మన వార్షికోత్సవ వేదిక మీద ఒక మాట వినపడుతుంది. "కష్టపడితే సాధించలేనిది లేదు, ప్రతిభ ఉన్నవాళ్ళను ఎవరూ ఆపలేరు" అని ముఖ్య అతిథులు చెబుతారు. మనం చప్పట్లు కొడతాం. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఇక్కడ చేరినప్పటి నుంచీ నేనూ కొడుతూనే ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. ఆ మాటకు నన్నే ఉదాహరణగా చూపించినా చూపించవచ్చు. అయినా ఆ మాట సగమే నిజమని నా అభిప్రాయం. మిగతా సగం చెప్పడానికి ఇద్దరు నటీమణుల గురించి రాస్తున్నాను. ఇద్దరూ మలయాళ సినిమాలో నటించినవారే. ఒకరు మన తెలుగింటి ఆడపడుచు శారద గారు. రెండవవారు పి.కె. రోజీ.

మా అమ్మకు చదువు రాదు. కానీ శారద గారంటే ప్రాణం. కూలి పని లేని రోజు మధ్యాహ్నం పక్కింటి టీవీలో 'మనుషులు మారాలి' వస్తుంటే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ చూసేది. "మన బాధ ఆమెకెలా తెలుసే?" అని నన్నడిగేది. అమీర్‌పేటలో సారథి స్టూడియో గోడ పక్క నుంచి నడిచి వెళ్ళినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది. ఆ కథ ముందు మలయాళంలో వచ్చిందని, శారద గారు కేరళలో అంత పెద్ద నటి అని పి.జి.లో చేరాక లైబ్రరీలో చదివేదాకా నాకూ తెలియదు.

శారద గారు 1945లో తెనాలిలో పుట్టారు. అసలు పేరు సరస్వతీదేవి. 1955లో వచ్చిన 'కన్యాశుల్కం'లో బాలనటిగా కనిపించారు. పెద్దయ్యాక తెలుగులో మొదట్లో చిన్నాచితకా వేషాలే దొరికాయి. 1965లో కుంచాకో గారి 'ఇణప్రావుగళ్'తో మలయాళ సినిమాలో అడుగుపెట్టారు. అదే ఏడాది ఎం.టి. వాసుదేవన్ నాయర్ రాసిన 'మురప్పెణ్ణు'లో నటించారు. 1968లో 'తులాభారం' వచ్చింది. భర్త హత్యకు గురయ్యాక, పిల్లల ఆకలి చూడలేక వాళ్ళకు తన చేత్తోనే విషం పెట్టి కోర్టు బోనులో నిలబడిన తల్లి కథ అది. అందులో నటనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆ రోజుల్లో దాన్ని 'ఊర్వశి' అనేవారు. అదే కథను తమిళం, తెలుగు, హిందీ భాషల్లో తీసినప్పుడు కూడా ఆ తల్లి పాత్ర శారద గారిదే. 1972లో అదూర్ గోపాలకృష్ణన్ మొదటి చిత్రం 'స్వయంవరం'కు రెండవ ఊర్వశి, 1977 నాటి తెలుగు చిత్రం 'నిమజ్జనం'కు మూడవ ఊర్వశి వచ్చాయి. 1996లో తెనాలి ఓటర్లు ఆమెను లోక్‌సభకు పంపారు.

ఇంతవరకూ చదివి "చూశారా, కష్టపడితే ఎక్కడికైనా వెళ్ళవచ్చు" అంటారు. నిజమే. కానీ ఇక్కడ ఒక విషయం ఉంది. శారద గారి మాతృభాష మలయాళం కాదు. ఆమె నటించిన అనేక మలయాళ చిత్రాల్లో ఆమె పాత్రకు గొంతు ఇచ్చింది టి.ఆర్. ఓమన అనే మలయాళ నటి. అంటే ముఖం తెనాలిది, గొంతు కేరళది. ముందు మా భాష మాలాగా మాట్లాడు, ఆ తర్వాతే కెమెరా ముందుకు రా అని వాళ్ళు ఆమెను తిప్పి పంపలేదు. కళ్ళతో ఆమె చెప్పగలిగింది చెప్పనిచ్చి, మిగతాది తాము సర్దారు. ఆ సాయం తీసుకున్నందుకు ఆమె ఊర్వశి విలువ తగ్గిందని ఈ రోజు ఎవరైనా అంటారా?

ఇప్పుడు రెండవ కథ. శారద గారి కంటే దాదాపు నలభై ఏళ్ళ ముందు, 1920ల చివర్లో, జె.సి. డేనియల్ అనే ఆయన తిరువనంతపురంలో మలయాళంలో మొట్టమొదటి సినిమా తీశారు. పేరు 'విగతకుమారన్'. మూకీ చిత్రం. గొంతు అవసరమే లేదు. అందులో కథానాయిక పి.కె. రోజీ. పులయ కులంలో పుట్టిన దళిత స్త్రీ. గడ్డి కోసి బతికిన మనిషి, కాక్కారిశి నాటకాల్లో ఆడిన కళాకారిణి. సినిమాలో ఆమెకు ఇచ్చింది సరోజిని అనే నాయర్ యువతి పాత్ర.

సినిమా తిరువనంతపురం కాపిటల్ థియేటర్‌లో విడుదలైంది. తాను నటించిన సినిమా మొదటి ఆట చూడడానికి రోజీని లోపలికి రానివ్వలేదు. దళిత స్త్రీ నాయర్ స్త్రీగా తెర మీద కనిపించడం అగ్రకుల ప్రేక్షకులు సహించలేకపోయారు. తెర మీద రాళ్ళు పడ్డాయి. ఆమె ఇంటికి నిప్పు పెట్టారు. ప్రాణం దక్కించుకోవడానికి ఆమె ఊరు వదిలి తమిళ ప్రాంతానికి పారిపోయింది. నాగర్‌కోయిల్‌లో తన పాత రోజుల గురించి చెప్పకుండా బతికింది. మళ్ళీ నటించలేదు. ఆ సినిమా ప్రింటు కూడా ఇప్పుడు లేదు.

డేనియల్ కూడా ఆ సినిమాతో దివాలా తీసి కష్టాలు పడ్డారు. కానీ తర్వాత కేరళ ప్రభుత్వం సినిమా రంగంలో తన అత్యున్నత పురస్కారానికి ఆయన పేరే పెట్టింది. రోజీ పేరు నలుగురి నోటా వినపడడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 2013లో వచ్చిన 'సెల్యులాయిడ్' సినిమాలో ఆమె కథ చూపించారు. 2019లో అక్కడి సినిమా మహిళలు ఆమె పేరుతో ఒక ఫిల్మ్ సొసైటీ పెట్టారు.

చెల్లెళ్ళారా, ఆలోచించండి. రోజీ కష్టపడలేదా? ప్రతిభ లేకపోతే నాటకాలాడే మనిషిని వెతికి కథానాయికను చేస్తారా? ఒకరికి భాష రాకపోయినా గొంతు అరువిచ్చారు. ఇంకొకరికి భాషతో పనే లేని సినిమాలో కూడా చోటు లేకుండా చేశారు. శారద గారి గొప్పతనాన్ని తగ్గించడానికి ఇది చెప్పడం లేదు. 1975లో రంగనాయకమ్మ గారి నవల ఆధారంగా తీసిన 'బలిపీఠం'లో దళిత యువకుణ్ణి పెళ్ళాడే బ్రాహ్మణ యువతిగా నటించింది కూడా ఆమే. నేను చెప్పేది ఒక్కటే. తలుపు తీసే చెయ్యి లేకపోతే ఎంత ప్రతిభ అయినా గుమ్మం బయటే ఉండిపోతుంది.

ఇక మన సంగతి. నిరుడు అమీర్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు మన హాస్టల్ నుంచి అయిదారుగురం వెళ్ళేవాళ్ళం. అందులో ఒక చెల్లెలు మొదటి సంవత్సరం. పరిచయం చేసుకోమంటే లేచి, "మై ఫాదర్ ఈజ్ గో టు కూలీ వర్క్" అంది. క్లాసంతా నవ్వింది. మనవాళ్ళూ నవ్వారు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నేనూ నవ్వాను. మా నాన్న వెళ్ళేదీ కూలికే. మర్నాటి నుంచి ఆ అమ్మాయి క్లాసుకు రాలేదు. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. సంబంధం కుదిరిందని తర్వాత తెలిసింది. మా నవ్వు వల్లే చదువు మానేసిందని అనలేను. ఆమె లేచి నిలబడ్డప్పుడు నేను ఎవరి పక్కన ఉన్నానో మాత్రం నాకు తెలుసు. ఆ రోజు ఆమెకు కావలసింది గొంతు కలిపే ఒక్క మనిషి. ఓమన గారు చేసిన ఆ పని నేను చెయ్యలేకపోయాను.

"మీకేం, హాస్టలుంది, స్కాలర్‌షిప్పుంది" అని కాలేజీలో అనేవాళ్ళు మనందరికీ ఎదురవుతారు. విని తలదించుకోనక్కర లేదు. రోజీ కాలంలో మూసిన తలుపును ఎందరో పోరాడి తెరిస్తే దాన్నే ఈ రోజు హాస్టల్ అంటున్నాం. లోపలికి వచ్చాక చదివేది మనమే, పరీక్ష రాసేది మనమే. అయితే మనం లోపలికి వచ్చాక ఆ తలుపును మన వెనక మూసుకోకుండా పట్టుకుని నిలబడుతున్నామా? నా ప్రశ్న ఇది.

అందుకే ఈ సంచిక ద్వారా మూడు విన్నపాలు. ఒకటి: ఆదివారం టిఫిన్ అయ్యాక ఒక గంట మన హాల్లో మనలో మనమే ఇంగ్లీష్ మాట్లాడదాం. తప్పు మాట్లాడవచ్చు, నవ్వకూడదు. రెండు: ఉద్యోగాల్లో ఉన్న అక్కలు నెలకొకసారి రండి. ఏ అప్లికేషన్‌కు ఏ తేదీ ఆఖరో, ఇంటర్వ్యూలో ఏమడుగుతారో చెప్పండి. మన ఇళ్ళలో అవి చెప్పేవాళ్ళు లేరు. మూడు: సెలవుల తర్వాత ఏ గదిలో ఏ పెట్టె తిరిగి రాలేదో చూద్దాం. ఆ ఇంటికి ఫోన్ చేద్దాం. అవసరమైతే ఇద్దరం బస్సెక్కి వెళ్దాం.

ఈసారి వేదిక మీద "ప్రతిభ ఉన్నవాళ్ళను ఎవరూ ఆపలేరు" అన్నప్పుడు చప్పట్లు కొడదాం. కొట్టేటప్పుడు రోజీని కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. ఆ చెల్లెలి ఊరు నాకు తెలుసు. సంక్రాంతి సెలవుల్లో నేను వెళ్తున్నాను. నాతో ఎవరొస్తారు?

— ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని