ఫూల్ ప్లేటు ముందు ఒక మాట

గల్ఫ్ క్యాంపుల్లో పొద్దున్నే ఖుబ్జ్, ఫూల్ తిని డ్యూటీకెక్కే అన్నలారా! చాలామందికి ఏమీ కాదు. జీ6పీడీ జీన్‌లో లోపముంటే మాత్రం ఆ గింజలే విషం కావచ్చు. ఆ జీన్ తయారుచేయించే ఎంజైమ్ ఎర్ర రక్తకణాలకు కాపలాదారు. అది చాలకపోతే కణాలు పగిలి కళ్ళు పచ్చబడతాయి, మూత్రం సులేమానీ రంగుకు తిరుగుతుంది, ఆయాసమొస్తుంది. మలేరియాకిచ్చే ప్రైమాక్విన్‌తోనూ ఇదే ప్రమాదం. జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కాబట్టి మగవాళ్ళకే ముప్పెక్కువ.

వీసా మెడికల్‌లో టీబీ, హెచ్‌ఐవీ చూస్తారు. అది కంపెనీ అవసరం. ఇది మన ప్రాణం అవసరం, మనమే అడిగి చేయించుకోవాలి. సెలవుకు ఊరెళ్ళినప్పుడు, ఒంట్లో బాగున్నప్పుడే చేయించుకోండి. లోపమని తేలితే ఇంగ్లీషులో చీటీ రాయించి బతాకాతోపాటు పెట్టుకోండి. డాక్టరుకు మన భాష రాకపోయినా ఆ చీటీ మాట్లాడుతుంది.