జోడీ కుదరని మేటి యంత్రాలు

ఇంటిలో ఒక మంచి ధ్వనిసాధనం ఉండాలన్న కోరిక మన మధ్యతరగతి కుటుంబాలలో ఈ మధ్య తిరిగి తలయెత్తుతున్నది. చేతిలోని ఫోనులోనే వేలాది పాటలు దొరికే ఈ రోజులలో సైతం యువకులు పాత ఎల్.పి. రికార్డుల కోసం అంగళ్ళ వెంట తిరగడం, ఉద్యోగంలో చేరిన కొద్దికాలానికే ఆంప్లిఫయరు, స్పీకర్లు కొనడానికి డబ్బు కూడబెట్టడం నేను చూస్తున్నాను. ఇది సంతోషించదగిన విషయమే. అయితే ఈ కోరిక వెంట పెరిగిన వ్యాపారం మన విద్యార్థులకు ఒక దురభిప్రాయాన్ని కూడా నేర్పుతున్నది. ప్రతి భాగమూ విడివిడిగా మేటిదైతే మొత్తం సాధనం దానంతటదే మేటిదవుతుందన్నదే ఆ దురభిప్రాయం. ధర కంటె, పేరు కంటె పొందిక ముఖ్యమనీ, ఆ పొందికకు గీటురాయి మన రెండు భాషలలోని మనిషి గొంతేననీ మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ మాట నేను పుస్తకాలు చదివి చెప్పడం లేదు. నా జీతంలో మిగిల్చిన సొమ్ము పోగొట్టుకొని నేర్చుకున్నాను. కొన్నేళ్ళ క్రితం, పాతకాలపు వాల్వులతో పనిచేసే 8 వాట్ల ఆంప్లిఫయరు ఒకటి కొన్నాను. దాని మాధుర్యాన్ని గురించి రసికులు రాసిన ప్రశంసలకు లెక్క లేదు. తరువాత, చిన్నవే అయినా గొప్ప పేరున్న స్పీకర్ల జత ఒకటి కొన్నాను. రెండింటినీ కలిపి, 1968లో హైదరాబాదులోనే కన్నుమూసిన బడే గులాం అలీ ఖాన్ గారి రికార్డు పెట్టాను. మంద్రస్థాయిలో అంతా బాగానే ఉన్నది. తాన్ పైకి లేచేసరికి గొంతు గరగరమన్నది. అమ్మిన దుకాణదారు తీగ మార్చమన్నాడు. ఖరీదైన తీగ కొని మార్చాను. గరగర మాత్రం మారలేదు. చివరకు మా వీధిలో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన వచ్చి, రెండింటి వెనుక ఉన్న అంకెలను చదివి, నవ్వి ఇలా అన్నాడు: “లెక్చరర్ సాబ్, రెండూ ఖాందానీవే. రిష్తా మాత్రం కుదరలేదు.”

ఆయన చూపిన లెక్క ప్రతి విద్యార్థీ తెలుసుకోదగినది. ఒక స్పీకరుకు ఒక వాట్ శక్తి ఇచ్చి, ఒక మీటరు దూరంలో ధ్వని ఎంత వస్తుందో కొలిచి, డెసిబెళ్ళలో చెబుతారు. దీనినే సెన్సిటివిటీ అంటారు. శక్తిని రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెళ్ళు మాత్రమే. నా స్పీకరు 84 డెసిబెళ్ళది. కనుక 2 వాట్లకు 87, 4 వాట్లకు 90, 8 వాట్లకు 93. అక్కడితో నా ఆంప్లిఫయరు శక్తి ఉడిగింది. దూరంగా కూర్చున్న శ్రోతకు అందేది ఇంకా తక్కువ. పాట ఒక్కసారిగా ఉవ్వెత్తున లేచినప్పుడు యంత్రం అందుకోలేక, ధ్వనితరంగపు శిఖరాలను కోసివేస్తుంది. నేను విన్న గరగర అదే. అదే ఆంప్లిఫయరుకు 94 డెసిబెళ్ళ స్పీకరు తగిలించి ఉంటే, 8 వాట్లతో రాని ధ్వని ఒక్క వాట్‌తోనే వచ్చి ఉండేది! నేను వాల్వుల యంత్రాన్ని అమ్మి, దాని ధరలో మూడవ వంతుకు 50 వాట్ల మామూలు ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు కొన్నాను. ఆ రాత్రి ఖాన్ సాహెబు తాన్ ఆటంకం లేకుండా పైకి సాగింది.

అయితే వాట్లు ఎక్కువగా ఉండడమే మేలని దీని అర్థం కాదు. ఇంగ్లండులోని క్వాడ్ సంస్థ 1957లో ఎలెక్ట్రోస్టాటిక్ స్పీకరు ఒకటి తెచ్చింది. పలుచని పొరను విద్యుత్ క్షేత్రంలో కంపింపజేసే ఆ స్పీకరులో మనిషి గొంతు ఎంత సహజంగా పలుకుతుందో నేటికీ చెప్పుకుంటారు. అంతకుముందే ఆ సంస్థ తయారుచేసిన 15 వాట్ల వాల్వు ఆంప్లిఫయరు దానికి చక్కగా సరిపోయింది. 1975లో అదే సంస్థ 100 వాట్ల ఆంప్లిఫయరు తెచ్చినప్పుడు, దానిని ఆ పాత స్పీకరుకు కలిపేవారు వోల్టేజి హద్దు మీరకుండా ప్రత్యేకమైన ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. లేకపోతే స్పీకరు దెబ్బతినే ప్రమాదం ఉన్నది. ఒకే ఇంట పుట్టిన రెండు మేటి వస్తువుల మధ్యనే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, వేరువేరు దేశాల నుండి వచ్చిన వస్తువుల మాట చెప్పవలెనా? ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగిందన్న సామెత ఇలాంటి కాడికే వర్తిస్తుంది.

రికార్డు వినేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. సూదిని మోసే కార్ట్రిడ్జిలలో అయస్కాంతం కదిలే రకం సుమారు 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. తీగచుట్ట కదిలే రకం చాలావరకు అందులో పదవవంతు కూడా ఇవ్వదు. మొదటిదానికి సరిపోయే యంత్రానికి రెండవది తగిలిస్తే పాట బలహీనంగా, బుసబుస శబ్దం బలంగా వినిపిస్తాయి. పైగా, ఎల్.పి. రికార్డులను కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. 1950ల నడుమ నుండి దీనికి ఒకే కొలత స్థిరపడింది. వినేటప్పుడు దానిని సరిచేసే ఫోనో విభాగం లేకపోతే గాయకుని గొంతు రేకు డబ్బాలో నుండి వచ్చినట్లుంటుంది. మన తాతల నాటి 78 రికార్డుల సంగతి మరొకటి. వాటి గాడి ఎల్.పి. గాడి కంటె దాదాపు మూడు రెట్లు వెడల్పు. ఎల్.పి. సూదితో వాటిని వాయిస్తే సూది గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. “పాత రికార్డు పాడైపోయింది” అని మనం అటక మీద పడవేసిన వాటిలో కొన్నింటి దోషం తప్పు సూదిదే కావచ్చు.

ఇక అందరూ మరచే భాగం గది. మన ఇళ్ళలో నేలపై షాబాదు బండలు, పైన సిమెంటు కప్పు, చుట్టూ బోసిగోడలు. ఇంత గట్టి గదిలో చప్పట్లు కొడితే గోడలు తిరిగి చప్పట్లు కొడతాయి. పన్నెండు అడుగుల దూరంలో ఉన్న రెండు ఎదురెదురు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జుల వద్ద ధ్వని నిలిచి ఉబ్బుతుంది. పొడవు, వెడల్పు రెండూ పన్నెండు అడుగులే అయితే ఆ ఉబ్బు రెండింతలవుతుంది. అప్పుడు తబలాలోని బాయాఁ ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క విధంగా మోగుతుంది. లక్ష రూపాయల స్పీకరైనా ఈ గదికి లోబడవలసినదే. ఓరుగల్లు జంపఖానా, మందపు పరదా, పుస్తకాల బీరువా తారధ్వనుల ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. మంద్రానికి ఇవి చాలవు. స్పీకర్లను మూలల నుండి ముందుకు జరిపి, శ్రోత కూర్చునే చోటు మార్చి చూడాలి. దీనికి కావలసినది డబ్బు కాదు, ఒక సాయంకాలపు ఓపిక.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నపై పాత వివాదం ఒకటున్నది. స్కాట్లండులోని లిన్ సంస్థవారు 1970ల నుండి, మూలంలో పోయినదానిని తరువాతి ఏ యంత్రమూ తిరిగి తేలేదు గనుక ముందు టర్న్‌టేబులు మీదనే ఖర్చు పెట్టమని వాదించారు. ఎల్.పి. ఒక్కటే ఆధారమైన కాలంలో ఆ వాదంలో బలం ఉన్నది. కాని 1982లో సి.డి. వచ్చిన తరువాత, సెకనుకు 44,100 నమూనాలతో ధ్వనిని అంకెలుగా మార్చి తిరిగి వినిపించే పని క్రమంగా చౌకైపోయింది. నేడు తక్కువ ధర యంత్రం కూడా ఆ పనిని దాదాపు దోషం లేకుండా చేస్తుంది. స్పీకర్ల మధ్య తేడాలు మాత్రం ఇప్పటికీ ఎవరి చెవికైనా తెలిసేటంత పెద్దవి. అందుచేత కేటాయించిన సొమ్ములో సగమైనా స్పీకర్లకు, మిగిలినదానిలో పెద్దభాగం వాటికి తగిన ఆంప్లిఫయరుకు పెట్టడం ఉచితమని నా అభిప్రాయం. తీగకు తగినంత మందం ఉన్న మామూలు రాగి చాలు.

ఎన్నుకునేటప్పుడు కళ్ళను నమ్మరాదు. కెనడాకు చెందిన ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రజ్ఞుడు స్పీకర్లు కనబడకుండా శ్రోతలకు వినిపించి అనేక పరీక్షలు జరిపాడు. పరిమాణం, పేరు, ధర కంటికి కనబడినప్పుడు శ్రోతల తీర్పు మారిపోయింది. కనబడనప్పుడు చాలామంది ఒకే విధమైన సమతూకం గల స్పీకర్లను మెచ్చారు. మనం కూడా దుకాణంలో కళ్ళు మూసుకొని వినవచ్చు. ఏమి వినాలి? దుకాణదారు పెట్టే ఉరుముల శబ్దం కాదు. ఘంటసాల గారి పద్యం ఒకటి, బేగం అఖ్తర్ గజల్ ఒకటి వెంట తీసుకొని పోవాలి. శ, ష, స మూడూ వేరువేరుగా పలకాలి. స ఈల వేయరాదు. ఉర్దూలో కాఫ్ వేరు, ఖాఫ్ వేరని తెలియాలి. మన దక్కనీలో ఖాఫ్ ఎలాగూ ఖే అయి కూర్చున్నది. ఆ నేరాన్ని యంత్రం మీద వేయకండి! పాత టెలిఫోను 300 నుండి 3,400 హెర్ట్జుల వరకే మోసేది గనుక అందులో స, ఫ లాంటి అక్షరాలు తికమకపడేవి. తలఫ్ఫుజు నిలిపిన యంత్రం సంగీతాన్ని కూడా చాలావరకు నిలుపుతుంది. బి.బి.సి. వారు 1970లలో ప్రసార వాహనాల కోసం రూపొందించిన చిన్న స్పీకరు ఎల్.ఎస్. 3/5ఎ నేటికీ గౌరవం పొందుతున్నదంటే, అది మనిషి గొంతును నిజాయితీగా పలికించడమే ముఖ్యకారణం. అది పెద్ద హాలును నింపలేదు. నింపడానికి పుట్టినదీ కాదు.

ఇక్కడ కొందరు పెద్దలు, ఇదంతా ఇస్రాఫ్ కాదా, దుబారా కాదా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపమని మన పెద్దలు ఊరకే అనలేదు. నా దృష్టిలో ఇస్రాఫ్ వస్తువు ధరలో మాత్రమే లేదు, పనికిరాని కలయికలో ఉన్నది. గది పన్నెండడుగులు, యంత్రం మూడు వందల వాట్లు అయితే అది దుబారా. పొరుగువారి నిద్ర మీద దౌర్జన్యం కూడా. తాహతుకు తగిన సొమ్ముతో, గదికి తగిన స్పీకరు, దానికి తగిన ఆంప్లిఫయరు ఎన్నుకొని ఇరవై ఏళ్ళు వాడుకున్నవాడు పొదుపరి అనే నేనంటాను.

చివరిగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన విద్యార్థుల ఇళ్ళలో అటకల మీద ముషాయిరాల కాసెట్లు, పౌరాణిక నాటక పద్యాల రికార్డులు, ఖవ్వాలీలు మూలుగుతున్నాయి. టేపు శాశ్వతం కాదు. ఏటేటా అది క్షీణిస్తూనే ఉంటుంది. గ్రంథాలయంలో ఒక చిన్న గదిని ఇందుకు కేటాయించి, రెండు రకాల సూదులు అమరే టర్న్‌టేబులు, ఒక కాసెట్ యంత్రం, 50 వాట్ల ఆంప్లిఫయరు, 88 డెసిబెళ్ళకు తగ్గని స్పీకర్ల జత, ఒక జంపఖానా సమకూర్చినట్లయితే ఆ గొంతులను విని, భద్రమైన ప్రతులు తీసుకోవచ్చు. అన్నీ కొత్తవే కానక్కరలేదు. ఒకదానికొకటి సరిపోతే చాలు. ఉర్దూ విద్యార్థి పద్యాన్ని, తెలుగు విద్యార్థి గజల్‌ను ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని వినే రోజు వస్తే, ఆ జోడీ కుదిర్చిన పుణ్యం కూడా కమిటీవారికే దక్కుతుంది.