కరకర చెప్పని సంగతి

ఆదివారం వండిన కోడికూర కాస్త మిగిలితే, సోమవారం అది కట్లెట్‌గా మారడం ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలే. ఎముకలు తీసేసి, ముక్కలను చిదిమి, ఉడికించిన బంగాళాదుంప, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి బిళ్లలుగా ఒత్తి పెనం మీద కాలుస్తారు. తిండి వృథా చేయని ఈ అలవాటును మెచ్చుకోవాల్సిందే. "నూనెలో వేయించాం కదా, ఇంకేమవుతుంది?" అన్న ధీమాతోనే పేచీ.

ముందు కరకర సంగతి. బిళ్ల పైపొరలో తడి ఉన్నంతసేపు, నూనె 170 డిగ్రీల సెల్సియస్‌లో కాగుతున్నా, ఆ పొర వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తడి ఆరాకే పైపొర 140 డిగ్రీలకు ఎగబాకి, అమైనో ఆమ్లాలకూ చక్కెరలకూ మధ్య మెయిలార్డ్ చర్య జోరందుకుంటుంది. గోధుమ రంగు, కమ్మటి వాసన దాని చలవే. గ్రేవీతో సహా కలిపేస్తే బిళ్లలు మెత్తబడి విరిగిపోవడానికి కారణం ఇదే. పైగా పచ్చి కైమాలా ఉడికిన మాంసం తనంతట తాను అతుక్కోదు. దాని ప్రొటీన్లు అప్పటికే గట్టిపడి ఉంటాయి. గుడ్డో, బంగాళాదుంపో ఆ పని చేయాలి.

పైన రంగు వచ్చిందంటే లోపల ఉడికినట్టు కాదు. బిళ్ల మందం రెట్టింపైతే వేడి మధ్యకు చేరడానికి దాదాపు నాలుగు రెట్ల సమయం పడుతుంది. మిగిలిన వంటకాలను మళ్లీ వేడిచేసేటప్పుడు మధ్యభాగం 74 డిగ్రీలకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతోంది. ఫ్రిజ్‌లోంచి తీసిన లావుపాటి బిళ్లలను పెద్దమంట మీద కాలిస్తే అది కుదరకపోవచ్చు. పలచగా ఒత్తి, మధ్యస్థంగా ఉండే మంట మీద కాల్చడం మేలు.

అసలు చిక్కు పెనం దగ్గర కాదు, ముందురోజు రాత్రే మొదలవుతుంది. క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా స్పోర్లు వంట వేడిని తట్టుకుంటాయి. గిన్నెలో కూర నెమ్మదిగా చల్లారుతుంటే మేలుకుంటాయి. 43–45 డిగ్రీల దగ్గర ఆ బ్యాక్టీరియా సంఖ్య పది నిమిషాల్లోనే రెట్టింపు కాగలదు. వాటినైనా బాగా వేడిచేసి చంపవచ్చు. చేతుల నుంచి చేరే స్టెఫిలోకాకస్ ఆరియస్ వదిలిన విషపదార్థం మాత్రం అరగంట మరిగించినా చెక్కుచెదరకపోవచ్చు. బ్యాక్టీరియా చస్తుంది, విషం ఉండిపోతుంది. రుచిలోనూ వాసనలోనూ తేడా తెలియదు.

చద్దన్నం తినలేదా అని పెద్దలు అడగవచ్చు. పులిసిన అన్నంలో ఏర్పడే ఆమ్లం కొంత అడ్డుకట్ట వేస్తుంది. కోడికూరకు ఆ పులుపు రక్షణ లేదు.

వండినదాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలన్నది అదే శాఖ సూచన. చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోపే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఆ గంట ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. వంటల వీడియోలు కట్లెట్ విరిచే చప్పుడును మైకు పెట్టి మరీ వినిపిస్తాయి. కూర ఫ్రిజ్‌లోకి ఎప్పుడు వెళ్లిందో చెప్పేవి అరుదు. కావలసిన పదార్థాల జాబితాలో మొదటి వరుస అదే కావాలి.

రాత్రంతా పొయ్యి మీదే ఉండిపోయిన కూరను, మనసొప్పకపోయినా, పారేయాల్సిందే. ఫ్రిజ్ లేని ఇంట్లో, కరెంటు నిలకడగా ఉండని ఊళ్లో కట్లెట్లు ఆ పూటే చేసుకుని తినేయడం మంచిది. ఫ్రిజ్ ఉన్నవాళ్లు కూరను లోతు గిన్నెలో ఉంచకుండా వెడల్పాటి పళ్లేల్లోకి రెండు వేళ్ల మందాన సర్దితే త్వరగా చల్లబడుతుంది.