ఏ వేడికి మెత్తబడాలి?

తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే ముందు రోగికి ముఖం అచ్చు తీస్తారు. దాదాపు 70 డిగ్రీల వేడి నీళ్లలో నానిన ప్లాస్టిక్ పలకను పైకి తీసి, ముఖం మీద పరిచి నొక్కుతారు. కొన్ని నిమిషాల్లో అది మాస్కులా బిగుసుకుంటుంది. ఇలాంటి పలకలకు ఎక్కువగా వాడే పాలీకాప్రోలాక్టోన్ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. 100 డిగ్రీలకు గానీ లొంగని ప్లాస్టిక్ అయితే చర్మం కాలుతుంది. 40కే లొంగేదైతే రామగుండం ఎండల్లో బీరువాలోనే వంకర తిరుగుతుంది.

అదే 60 డిగ్రీలు మరోచోట లోపం. త్రీడీ ప్రింటర్లలో వాడే పీఎల్‌ఏ కూడా ఆ వేడికే మెత్తబడుతుంది. దానితో చేసిన ఫోన్ స్టాండును ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెడితే సాయంత్రానికి వాలిపోతుంది. అక్కడ 100 డిగ్రీలు దాటాక మెత్తబడే ఏబీఎస్ కావాలి.

కరిగే వేడి ఒక్కటే చూసుకున్నా మోసపోతాం. నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్ కరగడానికి దాదాపు 250 డిగ్రీలు కావాలి. కానీ 75 డిగ్రీల దగ్గరే దాని బిగువు సడలుతుంది. మరిగిన నీళ్లు పోస్తే సీసా ముడుచుకుపోయేది అందుకే.

ఈ హద్దును కావలసిన చోటికి జరపవచ్చు కూడా. పీవీసీ దాదాపు 80 డిగ్రీలకు మెత్తబడుతుంది. అందుకే గీజరు లైనుకు పనికిరాదు. దానికే మరికొంత క్లోరిన్ ఎక్కిస్తే సీపీవీసీ అవుతుంది, 90 డిగ్రీల నీటినీ తట్టుకుంటుంది. మెత్తబరిచే నూనెలు కలిపితే అదే పీవీసీ చలిలోనూ వంగే గొట్టమవుతుంది.

ఇంత లెక్క తయారీదారుకు తెలిసినా, కొనేవారికి మాత్రం చేరదు. డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె 1988లో రీసైక్లింగ్ కోసం వచ్చింది. 1 అంటే పెట్, 5 అంటే పాలీప్రొపిలీన్. పొగలు కక్కే రసం పోయవచ్చా అని అడిగే ఇల్లాలికి ఆ అంకె జవాబు చెప్పదు.

మెత్తబడే వేడిని డబ్బా మీద రాయమంటే, బరువును బట్టి, వేడి తగిలే సమయాన్ని బట్టి ఆ హద్దు మారుతుందన్న అభ్యంతరం వస్తుంది, అది నిజమే. కానీ దాన్ని కొలిచే పద్ధతి పాతదే. వికాట్ పరీక్షలో చదరపు మిల్లీమీటరు మొనగల సూదిపై నిర్ణీత బరువు మోపి, అది ఒక మిల్లీమీటరు దిగే వేడిని నమోదు చేస్తారు. దాని నుంచి తగినంత తగ్గించి, ‘ఇన్ని డిగ్రీల వరకు’ అని డబ్బా మూత మీదే తెలుగులో అచ్చు వేయాలి.